బాల్కనీకి కాళ్లు

మా నాయన మా వీధిలో మనుషుల్ని పాదాలు చూసి గుర్తుపట్టేవాడు. ఇందులో దివ్యదృష్టి ఏమీ లేదు. గుంత మగ్గం నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదులుతాడు. ఆయన కళ్లు ఉండేది నిలబడ్డ మనిషి నడుము ఎత్తులో. పైగా మా పాత పెంకుటింటి చూరు ఎంత కిందికి దిగి ఉండేదంటే, తలుపు బార్లా తెరిచినా వీధిలో పోయేవాళ్లు మోకాళ్ల దాకానే కనిపించేవాళ్లు. అట్లా ఆయన తన వయసంతా నగరి పట్టణాన్ని మోకాళ్ల కింద నుంచి చూశాడు.

"ఆ పొయ్యేది మీ పెదనాయన. కొత్త సెప్పులేసుకున్నాడు. కొత్తవైతే కుడికాలి బొటనవేలు ఎత్తి నడస్తాడు," అనేవాడు పోగుల నడుమ నాడె విసురుతూ, తల తిప్పకుండా.

అలాంటి మనిషికి జీవితంలో ఒకే ఒక్క విలాసం కావాలనిపించింది. బాల్కనీ.

డెబ్భైలు పోయి ఎనభైలు వచ్చిన కొత్తలో మా ఊళ్లో గుంతలు పూడ్చి పవర్లూములు పెట్టుకోవడం మొదలైంది. మా నాయన కూడా పాత ఇల్లు పడగొట్టి, గుంత పూడ్చి, అదే జాగాలో కాస్త వెనక్కి జరిగి మిద్దె మొదలుపెట్టాడు. కింద పవర్లూములు, పైన ఒక గది, ఆ గది ముందు వీధి వైపు తోసుకొచ్చిన బాల్కనీ. కొత్త మగ్గాల గురించి ఆయన ఒక మాట మాట్లాడితే బాల్కనీ గురించి పది మాట్లాడేవాడు.

"కింద ఏమీ ఉండకూడదు. గాల్లో నిలబడినట్టు ఉండాల," అనేవాడు.

నేను అప్పుడు తిరుపతిలో సివిల్ ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాను. ఇంట్లో నాకున్న పేరు మాత్రం ఇంజనీరు కాదు, ఎకసెక్కాలోడు. మా పెదనాయన గుండె పట్టుకుని "నేనింక బతకను" అన్నప్పుడల్లా, పోయేముందు పంచె మార్చుకో పెదనాయనా, ఇది చినిగింది అని గుర్తు చేసేవాణ్ని. మా అత్త అలిగి బావి దగ్గరికి పోతుంటే, ఎట్లాగూ పోతా ఉండావు, వచ్చేటప్పుడు బిందెడు నీళ్లు తెమ్మని బిందె అందించింది కూడా నేనే. ఇన్నేళ్లు అందరి నాటకాల్లో గాలి తీస్తూ వచ్చినవాడు ఒకరోజు "ప్రమాదం" అంటే ఇంట్లో జరిగేదేమిటో మీరు ఊహించుకోవచ్చు. అందరూ నవ్వుతారు. కొందరు "బాగా సెప్పినావు" అని మెచ్చుకుంటారు కూడా.

ప్రమాదం మొదలైంది మిద్దె వేసిన రోజున.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. కప్పుకు కాంక్రీటు పోసే ముందు ఈశాన్యం మూల పూజ చేసి, ఇంటి ఆడపడుచులు ఒక్కొక్కరూ ఒక్కో తట్ట కాంక్రీటు అక్కడ పోయాలి. ఆడపడుచులంటే నాయన తోడబుట్టిన అత్త ఒక్కతే కాదు. ఆయన చిన్నాన్నల కూతుళ్లు, వాళ్ల కూతుళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చి వరస కలిపితే ఆడపడుచుగా తేలినవాళ్లు. అందరికీ తట్ట ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకపోయినా దీపావళి దాకా మాటలుండవు. ఇంతకూ మా ఇంటికి ఈశాన్యం మూల ఎక్కడ పడిందంటే, సరిగ్గా బాల్కనీలో.

ఇక్కడ చిన్న పాఠం చెప్పక తప్పదు. భయపడకండి, మా లెక్చరరు చెప్పినంత సేపు చెప్పను.

కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. దాని నెత్తిన ఏనుగును నిలబెట్టండి, పలకదు. రెండు కొసలూ పట్టుకుని లాగండి, బెల్లం అచ్చులాగా విరుగుతుంది. ఇనుప కమ్మి లాగుడు ఓర్చుకుంటుంది. అందుకని కాంక్రీటులో లాగుడు ఎక్కడుంటుందో అక్కడ కమ్మి పెడతారు. మూడేళ్లలో నాకు నిజంగా అర్థమైంది ఇంతే. మిగతావన్నీ దీని మీద వేసే లెక్కలు, పెట్టే పరీక్షలు.

మామూలు గది కప్పు రెండు పక్కలా గోడల మీద కూర్చుంటుంది. బరువు పడితే నడుమ కుంగుతుంది, నులకమంచం కుంగినట్టు. అప్పుడు దాని కింది పొట్ట సాగుతుంది. సాగేది కింద కాబట్టి కమ్మి కింద. బాల్కనీ సంగతి వేరు. దాన్ని ఒక పక్క గోడ పట్టుకుని ఉంటుంది, రెండో పక్క ఏమీ లేదు. చెయ్యి ముందుకు చాచి అరచేతిలో నీళ్ల బిందె పెట్టించుకోండి. కాసేపటికి ఎక్కడ లాగుతుంది? భుజం పైన. బాల్కనీకీ అంతే. కొస కిందికి వంగుతుంది, సాగేది పైవైపు, గోడ దగ్గర. కాబట్టి అక్కడ కమ్మి పైన ఉండాలి. కింద ఉంటే అది ఉన్నా ఒకటే, అంగట్లో ఉన్నా ఒకటే.

మా మేస్త్రికి ఇది తెలుసు. బాల్కనీ కమ్మిని పైకెత్తే కట్టాడు. ఆ కట్టిన కమ్మి మీదికి మా ఆడపడుచులందరూ పసుపు కాళ్లతో ఎక్కారు. పళ్లెం, కర్పూరం, కొబ్బరికాయ, చంకన పిల్లలు. నేను పక్కన నిలబడి చూస్తుండగానే కమ్మి అంగుళం అంగుళం కిందికి దిగుతోంది.

"అత్తా, ఆ కమ్మి మీద తొక్కొద్దు. కిందికి పోతా ఉండాది," అన్నాను.

"శుభమా అని పూజ సేస్తా ఉంటే కిందికి పోతాది కిందికి పోతాది అంటాడేందిరా వీడు," అంది అత్త, తట్ట చంకన పెట్టుకుని.

"ముహూర్తంలో గమ్మునుంటే నీ సదువేమన్నా కరిగిపోతాదా?" అన్నాడు పెదనాయన.

"నేను సెప్పింది అత్త గురించి కాదు పెదనాయనా, కమ్మి గురించి."

"కమ్మికి లేని బాధ నీకేంది?"

అందరూ నవ్వారు. నేను చెప్పే జోకులకు ఎప్పుడూ అంత నవ్వలేదు.

పూజ అయిపోయాక మేస్త్రిని పక్కకు పిలిచి కమ్మి మళ్లీ పైకెత్తమన్నాను. "ఎత్తేస్తా సామీ, పోసేటప్పుడు ఎత్తుకుంటా పోతా" అన్నాడు. అంతలో కూలీలు తట్టలు అందుకోవడం మొదలుపెట్టారు, కాంక్రీటు ఆగితే గడ్డకడుతుందని మేస్త్రే అరిచాడు, నన్ను అన్నాలు వడ్డించడానికి కిందికి పిలిచారు. నేను సాంబారు గిన్నె దించి పైకి వచ్చేసరికి బాల్కనీ నున్నగా, బూడిదరంగులో మెరుస్తోంది. కాంక్రీటుకు ఒక గొప్ప గుణం ఉంది, కడుపులో ఏముందో బయటికి చెప్పదు. మా బంధువుల్లో ఆ గుణం ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు.

పగలగొట్టి మళ్లీ పోద్దామనడానికి నోరు రాలేదు. అవి సిమెంటు పర్మిట్టు మీద దొరికే రోజులు. ఆ పర్మిట్టు కోసం నాయన తాలూకాఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు కొండ చుట్టూ తిరిగి ఉంటే మోక్షం వచ్చేది.

నేను తిరుపతికి వెళ్లిపోయాను. సెలవులకు పుత్తూరు మీదుగా బస్సులో ఇంటికొచ్చేసరికి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. బాల్కనీ కింద సెంట్రింగు కోసం నిలబెట్టిన సవుకు గుంజలు ఇంకా ఉన్నాయి. మర్నాడు వాటిని తీసేస్తారట. అదీగాక పెదనాయన పుత్తూరు నుంచి ఫోటోగ్రాఫర్ని మాట్లాడాడు. గృహప్రవేశం రోజున కుటుంబమంతా బాల్కనీ మీద నిలబడితే, వీధిలోంచి ఫోటో తీస్తాడు. నాయన నట్టనడుమ, కడ్డీలు పట్టుకుని, అందరికన్నా ముందు.

"మీ నాయన ఆ పొద్దుకని కొత్త పంచె తానే నేసుకున్నాడు," అంది అమ్మ. "పోయిన మంగళవారం నుంచి మడిచి తలగడ కింద పెట్టుకోనుండాడు."

ఆ మాట వినకపోయి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

మనుషులు బాల్కనీలో గోడకు ఆనుకుని నిలబడరు, కొసన నిలబడతారు. కొసన నిలబడటం ఎందుకు ఎక్కువ ప్రమాదమో తెలియాలంటే తలుపు దగ్గరికి వెళ్లండి. గడియ దగ్గర వేలితో తోసినా తలుపు కదులుతుంది, బందుల దగ్గర భుజం పెట్టినా కదలదు. బరువు ఒకటే అయినా, పట్టుకున్న చోటికి ఎంత దూరంలో ఉంటే అంత బలంగా తిప్పుతుంది. మా వాళ్లు బాల్కనీని ఎక్కడ తిప్పాలో సరిగ్గా అక్కడ, కొసన, వరసగా నిలబడబోతున్నారు. పైగా పెద్దగా నవ్వండి అని ఫోటోగ్రాఫరు చెప్తాడు.

ఆ సాయంత్రం పెదనాయన ఇంటి వసారాలో కూర్చోబెట్టి అందరికీ చెప్పాను. ఇల్లు కట్టేదాకా మేం ఉన్నది ఆయన ఇంట్లోనే, కాబట్టి తీర్పు చెప్పే హక్కు ఆయనదే అని ఆయన అభిప్రాయం.

"ఇన్ని దినాలు నిలబడి ఉండాది గదరా," అన్నాడు.

"కింద గుంజలు ఉండాయి పెదనాయనా."

"అందుకే గదా తీసి సూద్దామంటా ఉండాము."

"తీసినాక సూసేదానికి ఏముంటాది?"

"ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. దానికి ఇంత రామాయణం ఎందుకు?"

చెరకు గడ తీసుకుని విరిచి చూపించాను, ఎక్కడ ముందు చీలుతుందో. విరిగిన ముక్కలు పంచుకుని తిన్నారు. మునక్కాయతో చెప్పాను, అమ్మ అది రాత్రి పులుసుకు కావాలని లాక్కుపోయింది. దోసెతో మొదలుపెట్టాను, అన్నాన్ని పెట్టుకుని ఎగతాళి చేయొద్దని అత్త కసిరింది. చాచిన చెయ్యి, నీళ్ల బిందె ఉపమానం చెప్తే అందరికీ నచ్చింది, అయితే దాని నుంచి వాళ్లు గ్రహించింది అత్తకు భుజం నొప్పి ఉందని. ఆ తర్వాత చర్చ ఏ తైలం మంచిదనే దాని మీద నడిచింది. మా లెక్చరరు నల్లబల్ల వైపు తిరిగి ఎందుకు పాఠం చెప్తాడో ఆ రోజు తెలిసింది. మనుషుల ముఖాలు చూస్తూ ఈ సబ్జెక్టు చెప్పడం అయ్యే పని కాదు.

విసుగెత్తి, గడప దగ్గర విడిచి ఉన్న రబ్బరు చెప్పు ఒకటి తీసుకున్నాను. దాని పైవైపు అడ్డంగా బ్లేడుతో సగం లోతు కోశాను.

"అది నా సెప్పు," అన్నాడు పెదనాయన.

"ఇప్పుడిది మన బాల్కనీ పెదనాయనా. కూర్చో."

మడమ వైపు మెట్టు మీద పెట్టి, దాని మీద ఇటుక బరువు పెట్టాను, అది గోడ. వేళ్ల వైపు గాల్లోకి తోసుకొచ్చి ఉంది, కోత సరిగ్గా మెట్టు అంచు మీద. కొసను వేలితో నొక్కాను. పైనున్న కోత నోరు తెరిచింది.

"ఇదే. పైన సాగుతాది, అందుకు నోరు తెరస్తాది. దీన్ని తెరవకుండా పట్టుకునేదే కమ్మి."

"నాలుగు దినాలు కాలేదు కొని," అన్నాడు పెదనాయన, కోత వైపే చూస్తూ.

అంతవరకు గోడకు ఆనుకుని వింటున్న నాయన లేచి లోపలికి పోయి సూది, నూలు తెచ్చాడు. చెప్పు తీసుకుని, కోతకు అడ్డంగా పైవైపు నాలుగు పోగులు కుట్టాడు. మెట్టు మీద పెట్టి నొక్కాడు. కోత తెరుచుకోలేదు. పోగుల మీద గోరుతో మీటాడు, మగ్గం మీద పడుగు బిగువు చూసుకునేటప్పుడు మీటినట్టు. తర్వాత ఆ పోగులు కోసేసి, అవే నాలుగు పోగుల్ని చెప్పు అడుగువైపు కుట్టాడు. మళ్లీ నొక్కాడు. కోత మళ్లీ నోరు తెరిచింది. అడుగున చెయ్యి పెట్టి పోగుల్ని తాకి చూశాడు.

"ఈడ దీనికి పనే లేదు," అన్నాడు. "వదులుగా ఏలాడతా ఉండాది. నూలును లాగితే గదా బలం. తోస్తే ఏముంటాది."

నేను రెండు గంటలుగా చెప్తున్నది అదే. కాకపోతే నేను కమ్మి అన్నాను.

ఆయన చెప్పు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "మన దాంట్లో నూలు యాడ ఉండాది?"

"పైన ఉండాల. పూజ రోజు కిందికి దిగింది. మళ్లా పైకి ఎత్తినారో లేదో మేస్త్రిని అడగాల."

మర్నాడు పొద్దున గుంజలు తీయడానికి వచ్చిన మేస్త్రిని నాయనే అడిగాడు.

"నేను కట్టింది పైన్నే సామీ," అన్నాడు మేస్త్రి. "మీ ఆడోళ్లు తొక్కితే నేనేం సేసేది? దిగండి అంటే అపశకునం అంటిరి."

"పోసేటప్పుడు ఎత్తినావా?"

"ఆడాడ ఎత్తినా."

"యాడాడ?"

మేస్త్రి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అది సమాధానమే.

గోడ దగ్గర, బాల్కనీ పైన, ఒక గాడి కొట్టి చూద్దామన్నాను. ఒక్క చిల్లు పెడితే రెండు కమ్ముల నడుమ పడిందంటారు, అందుకని గోడ వెంట మూరెడు పొడుగు గాడి. కొత్త ఇంటిని గృహప్రవేశం కాకముందే గాయం చేయడమేమిటని పెదనాయన గుండె పట్టుకున్నాడు. పంచె గురించి ఏమీ అనలేదు నేను, ఆ రోజు ఓపిక లేదు. నాయన మేస్త్రికి ఉలి అందించాడు.

కమ్మి పైన ఉండి ఉంటే గోరు లోతులో, మహా అయితే వేలి మొదటి గణుపు లోతులో తగలాలి. మేస్త్రి కొట్టాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇంకా కొట్టాడు. నాయన మోకాళ్ల మీద కూర్చుని గాడిలోకి వేలు దించాడు. రెండో గణుపు దాకా పోయింది. వేలిని గాడి వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు, మగ్గం అచ్చులో తెగిన పోగు కోసం వెతుకుతున్నట్టు.

"లేదు," అన్నాడు.

అందరూ ఒక్కసారి బాల్కనీ మీంచి గదిలోకి జరిగారు. నేను చెప్పినప్పుడు ఒక్క అంగుళం కదలనివాళ్లు.

నాయన మాత్రం అక్కడే కూర్చున్నాడు. కోప్పడకుండా వేలికంటిన దుమ్ము తుడుచుకున్నాడు. "అయితే గుంజలు ఇట్నే ఉండిపోతాయా?" అన్నాడు. గడప ముందు వంకర టింకర సవుకు గుంజల అడివి, వాటి నడుమ నుంచి దూరి వచ్చే ఆవు, దూడ, అయ్యోరు, బంధువులు. చంకకట్టెల మీద నిలబడిన కొత్త ఇల్లు. ఆయన కళ్లలో నాకు అదంతా కనిపించింది, ముఖ్యంగా తలగడ కింది పంచె.

"మన వంశానికి బాల్కనీ అచ్చిరాదురా," అన్నాడు పెదనాయన గదిలోంచి.

"వంశానికేం కాలేదు పెదనాయనా. కొసకే."

ఆ మాట నా నోట్లోంచి ఊరికే వచ్చింది. వచ్చాక నాకే తట్టింది. కొస. ఇబ్బంది అంతా కొస గాల్లో ఉండటం వల్లే కదా.

పరిగెత్తి అదే చెప్పు తెచ్చాను. అడుగున నాయన కుట్టిన పోగులు అలాగే ఉన్నాయి. మడమ కొసను మాత్రం గడప మీద ఆనించి ఇటుక పెట్టాను, కోత నడిమికి వచ్చేట్టు. ఈసారి గాల్లో ఉన్న కొస కింద ఒక గ్లాసు బోర్లించి నిలబెట్టాను. ఇప్పుడు ఒక పక్క గోడ, ఇంకో పక్క గ్లాసు. నడుమ నొక్కాను. పైకోత మూసుకుంది.

"కింద సెయ్యి పెట్టి సూడు నాయనా."

చూశాడు. "బిగిసినాయి," అన్నాడు. మళ్లీ తాకాడు. "ఇవే పోగులే. ఇందాక వదులుగా ఉండె."

అదే మొత్తం కథ. రెండు పక్కలా ఆధారం ఉంటే అది బాల్కనీ కాదు, మామూలు గది కప్పు లాంటిదే. నడుమ కుంగుతుంది, కింది పొట్ట సాగుతుంది. కమ్మి ఉన్నది కిందే. కమ్మిని లాగుడు ఉన్న చోటికి మనం తీసుకెళ్లలేం, కానీ కొసకు రెండు కాళ్లు పెడితే లాగుడే దిగి కమ్మి దగ్గరికి వస్తుంది. ఆడపడుచులు తొక్కి చెడగొట్టింది బాల్కనీని. వాళ్లకు తెలియకుండా వాళ్లు తయారుచేసింది మంచి వరండా కప్పు.

"గాల్లో ఉన్నట్టు ఉండాలనుకుంటినే," అన్నాడు నాయన.

"గాల్లోనే ఉంటావు నాయనా. గాలికి రెండు కాళ్లుంటాయి, అంతే."

ఆయన నవ్వలేదు. కానీ సాయంత్రానికి రెండు రాతి స్తంభాలు తెచ్చే బండి మాట్లాడాడు. మా వైపు రాయికి కరువు లేదు. స్తంభాల మీద అడ్డంగా పెట్టడానికి పాత ఇంటి దూలం ఉంది, పడగొట్టినప్పుడు ఎవరూ పారేయడానికి ఒప్పుకోలేదు. స్తంభాలకు గుంతలు తీసేటప్పుడు మాత్రం మళ్లీ గొడవ.

"రెండడుగులు తవ్వితే సాలు," అన్నాడు పెదనాయన.

ఎంత పెద్ద బరువైనా చివరికి మట్టి మోయాల్సిందే. పోసిన మట్టి మోయదు, కూర్చుంటుంది, దానితో పాటు స్తంభమూ కూర్చుంటుంది. పాత ఇల్లున్న జాగా కాబట్టి ఎక్కడ పూడ్చారో ఎక్కడ లేదో తెలియదు, గట్టి నేల తగిలేదాకా తవ్వమన్నాను. ఒక స్తంభం దగ్గర తొందరగానే తగిలింది. రెండోదాని దగ్గర పార దిగుతూనే ఉంది, మెత్తటి పూడ్చిన మట్టి. ఉన్నట్టుండి పారకు నున్నటి మట్టి గోడ తగిలింది, దాని పక్కన పురికొస ముక్క, మగ్గం కాలిపలక తాలూకు విరిగిన చెక్క.

నాయన వంగి చూశాడు. "ఇది నా గుంత," అన్నాడు.

ఆయనే దిగాడు. అడుగున మిగిలిన మట్టి చేతులతో తీసేసి, పంచె ఎగ్గట్టి, ఎప్పుడూ కాళ్లు పెట్టుకునే చోట నిలబడి గట్టిగా తొక్కాడు. రెండు కాళ్లూ మార్చి మార్చి, మగ్గం తొక్కినట్టు.

"ఈడ పెట్టుకోరా. దిగదు. నేను తొక్కినంత ఎవురూ తొక్కలేదు దీన్ని."

నేల గట్టిదనాన్ని పరీక్షించే పద్ధతులు మా పుస్తకంలో చాలా ఉన్నాయి. ఇది లేదు. గునపం వేసి చూశాను, ఠంగున మోగింది. స్తంభం అక్కడే దించమన్నాను, ఒప్పుకోవడం కాస్త చిరాకే అయినా.

స్తంభాలు నిలిచాయి, దూలం ఎక్కింది. దూలానికీ బాల్కనీకీ మధ్య మిగిలిన సందులో చెక్క చీలికలు బిగించమన్నాను. వేలు దూరేంత సందు ఉన్నా చాలు, బాల్కనీ కిందికి దిగి దూలాన్ని అందుకునేలోపే గోడ దగ్గర విరిగిపోతుంది. ఆధారం కంటికి కనిపిస్తే చాలదు, తగలాలి. మా పెదనాయన కూడా ఇంటి కట్టడానికి గొప్ప ఆధారమే, కాకపోతే ఎక్కడా తగల్లేదు.

గుంజలు తీసే రోజు వీధి జనమంతా వచ్చారు. మేస్త్రి సుత్తి తీసుకున్నాడు. అందరూ దూరంగా జరిగారు.

"నువ్వు కింద నిలబడరా," అన్నాడు పెదనాయన. "లెక్క నీది గదా."

అమ్మ వద్దంది. పెదనాయన అన్నది మాత్రం న్యాయమే. నేను నిలబడ్డాను. నాయన కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, ఎవరూ పిలవకుండా. నేను ఆయన్ని పొమ్మన్నాను. ఆయన వినిపించుకోలేదు. మేస్త్రి ఒక్కో గుంజ అడుగు కొడుతుంటే అవి ఒక్కొక్కటీ పక్కకు వాలాయి. చివరి గుంజ వాలింది. దూలం ఒకసారి కిర్రుమంది.

ఏమీ జరగలేదు.

మా వృత్తిలో విజయమంటే ఇదే, ఏమీ జరగకపోవడం. ఎవరూ చప్పట్లు కొట్టరు. "దీనికా ఇంత యాగీ సేసినాడు" అంటూ జనం వెళ్లిపోయారు. పడి ఉంటే పది ఊళ్లలో చెప్పుకునేవాళ్లు.

గృహప్రవేశం రోజున ఆవు రెండు స్తంభాల నడుమ నుంచి దర్జాగా నడిచి వచ్చింది. కుటుంబమంతా బాల్కనీ కొసకు ఎక్కింది, నాయన నట్టనడుమ, కొత్త పంచెతో, కడ్డీలు పట్టుకుని. ఫోటోగ్రాఫరు వీధిలోంచి నవ్వమన్నాడు. నాయన నవ్వలేదు, కిందికి చూస్తున్నాడు. ఇప్పటికీ ఆ ఫోటోలో ఆయన ముఖం కన్నా నడినెత్తే బాగా కనిపిస్తుంది. భోజనాల దగ్గర తిరుత్తణి నుంచి వచ్చిన చుట్టాలు స్తంభాల్ని తట్టి చూసి, భలే దిట్టంగా కట్టినారే అన్నారు.

"నేనే పెట్టించినా," అన్నాడు పెదనాయన. "ఒట్టి బాల్కనీ అయితే ఎవురికైనా ఉంటాది."

నేను సాంబారు గిన్నె తీసుకుని వేరే వరసకు వెళ్లిపోయాను.

చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు పొద్దున నాయన ఒక్కడే బాల్కనీలో నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. కింద వీధిలో మనుషులు పోతున్నారు.

"ఆ పొయ్యేదెవుర్రా?" అన్నాడు.

"ఎదురింటాయన."

"అట్నా. మరి ఆ గొడుగు?"

"తెలీదు."

ఇంకొందరు పోయారు. ఆయన ఒక్కర్నీ పోల్చుకోలేకపోయాడు. "అన్నీ నెత్తులే కనపడతా ఉండాయి," అన్నాడు. "కాళ్లు కనపడితే సెప్పేద్దును."

కాసేపటికి చాప చంకన పెట్టుకుని కిందికి దిగాడు. బాల్కనీ నీడలో, తన గుంత ఉన్న చోట నిలిచిన స్తంభానికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వీధి నడుస్తూ పోతోంది ఆయన కళ్ల ముందు, మళ్లీ మోకాళ్ల ఎత్తులో.

"ఇంత రభస సేసి నిలబెట్టింది నువ్వు దాని కింద కూర్చునేదానికా నాయనా?" అన్నాను.

"పైన నిలబడినా గదా. బాగుండాది. నీడ కూడా బాగుండాది," అన్నాడు. వీధి మలుపు వైపు కళ్లు చిట్లించి చూశాడు. "నువ్వు లోపలికి పో. మీ పెదనాయన వస్తా ఉండాడు."

మలుపు నుంచి ఇటు తిరిగిన మనిషి నాకింకా ఆనవాలు తెలియడం లేదు. "ఎట్ల తెలిసింది?"

"బొటనవేలు ఎత్తి నడస్తా ఉండాడు. కొత్త సెప్పులు కొన్నట్టుండాడు. నువ్వు కోసిన సెప్పు నీ కోసం సేతిలో పట్టుకొస్తా ఉండాడు."